వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు నత్తనడక: డిస్క్ దగ్గర ఏం జరుగుతోంది, ఏం మార్చాలి

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు అమీర్‌పేటలో డెవాప్స్ కోర్సు చేస్తున్నారు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నారు. 8 జీబీ ర్యామ్, 5400 ఆర్‌పీఎం 1 టీబీ హార్డ్ డిస్క్. అందులో విండోస్ 11, దాని మీద వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో నకిలీ కంప్యూటర్‌ను, అంటే వీఎంను, నడిపే ప్రోగ్రామ్), దాని లోపల ఉబుంటు లినక్స్ డెస్క్‌టాప్. ఉబుంటు లేవడానికే చాలాసేపు పడుతోంది. నోడ్ (జావాస్క్రిప్ట్) ప్రాజెక్టుకు కావలసిన ఫైళ్లన్నీ తెచ్చే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే కిందికి వెళ్లి టీ తాగి వచ్చినా పూర్తవడం లేదు. అదే ల్యాప్‌టాప్‌లో విండోస్‌లో పెద్ద సినిమా ఫైల్ కాపీ చేస్తే మాత్రం సెకనుకు 100 ఎంబీ దాకా వస్తోంది. ఒక ఓఎస్ లోపల ఇంకో ఓఎస్ నడిపితే డిస్క్ స్పీడ్ ఇంతగా పడిపోతుందా, లేక మీ మెషీన్‌లోనే ఏదైనా లోపం ఉందా అని అడిగారు.

వర్చువలైజేషన్ వల్ల డిస్క్ పని కొంత నెమ్మదిస్తుంది, నిజమే. కానీ మీరు చెప్తున్నంత తేడా దానివల్ల రాదు. మీ టైమంతా ఎటు పోతోందంటే, ఉబుంటు అడిగే చిన్న చిన్న రిక్వెస్టులు ఒక్కొక్కటీ డిస్క్ దగ్గర వంతు కోసం ఆగడంలో పోతోంది. సెకనుకు ఎన్ని ఎంబీలు అన్న లెక్క పక్కన పెట్టి, ఒక్క రిక్వెస్ట్ వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతోంది అన్నది చూడడం మొదలుపెడితే మీ సమస్య సగం విడిపోతుంది.

ఉబుంటులో ఎన్‌పీఎం నడుస్తుండగానే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ మీద నొక్కండి. యాక్టివ్ టైమ్, యావరేజ్ రెస్పాన్స్ టైమ్, రీడ్ స్పీడ్, రైట్ స్పీడ్ కనిపిస్తాయి. మీలాంటి ల్యాప్‌టాప్‌లో మామూలుగా కనిపించే చిత్రం ఇది: యాక్టివ్ టైమ్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటుంది, రెస్పాన్స్ టైమ్ వందల మిల్లీసెకన్లలో ఉంటుంది, స్పీడ్ మాత్రం సెకనుకు ఒక ఎంబీ అటూ ఇటూ. చాలామంది ఆ చివరి అంకె చూసి డిస్క్ మీద పెద్ద లోడ్ లేదనుకుంటారు. అది పొరపాటు. ఆ డిస్క్‌కు ఊపిరాడడం లేదు.

లెక్క వేసి చూడండి. 5400 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 11.1 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 5.6 మిల్లీసెకన్లు ఆగాలి. దానికి ముందు హెడ్ సరైన ట్రాక్ మీదికి జరగాలి, ల్యాప్‌టాప్ డిస్కుల్లో దానికి సుమారు 12 మిల్లీసెకన్లు. రెండూ కలిపితే ఒక్క రిక్వెస్ట్‌కు 17, 18 మిల్లీసెకన్లు. సెకనుకు 60 రిక్వెస్టులు కూడా దాటవు. ఒక్కోటీ 4 కేబీ అయితే సెకనుకు 240 కేబీ. డిస్క్ నూటికి నూరు పాళ్లు పనిచేసినా వచ్చేది అంతే. ఇప్పుడు నోడ్ ప్రాజెక్టులో 30,000 చిన్న ఫైళ్లు ఉన్నాయనుకోండి. ఒక్కో ఫైల్‌కు ఒక్కసారి చొప్పున హెడ్ కదిలినా 500 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాలు దాటుతుంది. క్యాష్ (డేటాను మెమరీలో దాచి ఉంచే చోటు) ఉంది, పక్కపక్క రైట్లను (రాత పనులను) ఓఎస్ కలిపి పంపుతుంది, కాబట్టి అన్నిసార్లూ ఇంత ఘోరంగా ఉండదు. కానీ డైరెక్టరీ ఎంట్రీలు, ఐనోడ్‌లు, జర్నల్ వంటి ఫైల్ సిస్టమ్ సొంత రాతలు కలుపుకుంటే ఒక్కో ఫైల్‌కు ఒక్కసారితో సరిపోదు కూడా.

బియ్యం బస్తా ఒకేసారి ఇంటికి వేయించుకోవడం వేరు, పూటకు గిద్దెడు చొప్పున అంగడికి తిరగడం వేరు. మీ సినిమా ఫైల్ కాపీ మొదటి రకం, ఎన్‌పీఎం రెండో రకం. అందుకే సెకనుకు 100 ఎంబీ అన్న అంకె మీ సమస్య గురించి ఏమీ చెప్పదు. ఆ ఎన్‌పీఎం పనిని ఇదే డిస్క్ మీద నేరుగా ఉబుంటు వేసి చేసినా కాసేపు కూర్చోవాల్సిందే. వీఎంలో ఆ కాసేపు ఇంతగా సాగడానికి మీ మెషీన్‌లో అన్నిటికన్నా పెద్ద కారణం మెమరీ.

విండోస్ 11 ఊరికే ఉన్నా 3 జీబీ పైన తీసుకుంటుంది. క్రోమ్‌లో క్లాస్ వీడియో, నాలుగు ట్యాబ్‌లు ఉంటే ఇంకో రెండు. మీరు ఉబుంటుకు 4 జీబీ ఇచ్చానన్నారు. కూడితే 9 దాటింది, మెషీన్‌లో ఉన్నది 8. వర్చువల్‌బాక్స్ తన గెస్ట్‌కు (లోపలి ఓఎస్, ఇక్కడ ఉబుంటు; బయటి విండోస్‌ను హోస్ట్ అంటారు) ఇచ్చిన మెమరీని గట్టిగా పట్టుకుని ఉంటుంది, కాబట్టి విండోస్ మిగతా ప్రోగ్రాముల పేజీలను డిస్క్ మీది పేజ్ ఫైల్‌లోకి తోస్తుంది. ఆ పేజ్ ఫైల్ ఉన్నది ఏ డిస్క్ మీద? ఉబుంటు తన డిస్క్‌గా వాడే వీడీఐ ఫైల్ ఉన్న ఆ ఒక్క డిస్క్ మీదే. హెడ్ ఒకసారి అటు, ఒకసారి ఇటు పరుగెడుతుంది. అటు ఉబుంటు లోపల కూడా మెమరీ చాలక స్వాప్ (మెమరీలోనివి డిస్క్‌కు తోయడం) మొదలైతే, గెస్ట్ చేసే స్వాప్, హోస్ట్ చేసే స్వాప్ రెండూ ఆ సెకనుకు 60 రిక్వెస్టుల్లోనే సర్దుకోవాలి. అప్పుడు మౌస్ కదిలించినా టెన్షన్ వచ్చేంతగా మెషీన్ బిగుసుకుపోతుంది.

ఉబుంటు లోపల వీఎంస్టాట్ కమాండ్‌ను ఒక సెకను వ్యవధితో నడపండి. ఎస్‌ఐ, ఎస్‌ఓ అనే రెండు కాలమ్‌లు స్వాప్ రాకపోకలు చూపిస్తాయి. అవి సున్నా దగ్గర నిలవకుండా కదులుతూనే ఉంటే డిస్క్ సెట్టింగుల జోలికి ఇప్పుడే వెళ్లకండి, మెమరీ సంగతి ముందు తేల్చండి. మీరు నేర్చుకుంటున్నది డాకర్, జెంకిన్స్, కమాండ్ లైన్. దానికి ఉబుంటు డెస్క్‌టాప్ ఎందుకు? గ్రాఫికల్ డెస్క్‌టాప్ లేని ఉబుంటు సర్వర్ వేసుకుని, 2 జీబీ ఇచ్చి, విండోస్ నుంచి ఎస్ఎస్‌హెచ్ అనే రిమోట్ కమాండ్ లైన్ కనెక్షన్‌తో లోపలికి వెళ్లండి. జెంకిన్స్ నడిపే రోజు కాస్త పెంచండి. రూపాయి ఖర్చు లేకుండా ఎక్కువ తేడా కనిపించేది ఈ ఒక్క మార్పుతోనే.

ఇక డిస్క్ రిక్వెస్ట్ దారి చూద్దాం, ఎందుకంటే ఏ సెట్టింగ్ ఎందుకు పనిచేస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఉబుంటులో ఒక ప్రోగ్రామ్ ఫైల్ చదవాలంది. అది గెస్ట్ పేజ్ క్యాష్‌లో లేకపోతే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ దగ్గరికి, అక్కడినుంచి గెస్ట్ కెర్నెల్ బ్లాక్ లేయర్‌కు, అక్కడినుంచి డిస్క్ కంట్రోలర్ (డిస్క్‌ను నడిపే చిప్) డ్రైవర్‌కు వెళ్తుంది. ఆ కంట్రోలర్ నిజంగా లేదు, వర్చువల్‌బాక్స్ నటిస్తోంది. డ్రైవర్ ఆ కంట్రోలర్ రిజిస్టర్‌లో (ఆదేశాలు రాసే చోట) రాయగానే ప్రాసెసర్ గెస్ట్‌ను అక్కడికక్కడ ఆపి హైపర్‌వైజర్‌కు (వీఎంలను నడిపే ప్రోగ్రామ్, ఇక్కడ వర్చువల్‌బాక్స్) పగ్గాలు ఇస్తుంది. దీన్నే వీఎం ఎగ్జిట్ అంటారు. అప్పుడు వర్చువల్‌బాక్స్ ఆ కమాండ్‌ను చదివి, గెస్ట్ అడిగిన బ్లాక్ వీడీఐ ఫైల్‌లో ఎక్కడుందో పట్టికలో వెతికి, విండోస్‌ను ఆ ఫైల్‌లోని ఆ చోటు చదివి ఇవ్వమంటుంది. విండోస్ వైపు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్, దాని పైన యాంటీవైరస్ ఫిల్టర్, కింద అసలు డిస్క్ డ్రైవర్, చివరికి డిస్క్. జవాబు మళ్లీ ఇదే దారిలో వెనక్కి వచ్చి, గెస్ట్‌కు ఒక ఇంటరప్ట్‌గా అందుతుంది.

ఇన్ని మజిలీలు ఉన్నాయి కదా, అందుకే స్లో అనిపిస్తుంది. కానీ వీటన్నిటికీ కలిపి అదనంగా పట్టేది పదుల మైక్రోసెకన్లు. 50 మైక్రోసెకన్లు అనుకుందాం. మీ హార్డ్ డిస్క్ ఒక్క రిక్వెస్ట్‌కు 17,500 మైక్రోసెకన్లు తీసుకుంటోంది. దానికి 50 కలిపితే అర శాతం కూడా కాదు. అదే మంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 4 కేబీ రీడ్‌ను సుమారు 80 మైక్రోసెకన్లలో ఇస్తుంది. అక్కడ 50 కలిస్తే 130, అంటే అరవై శాతం పైన అదనం. అందుకే ఫాస్ట్ డిస్క్ ఉన్నవాళ్లు వీఎంలో స్పీడ్ సగమైందని గోల పెడతారు. వాళ్లు చెప్పేదీ నిజమే, కానీ వాళ్లకు మిగిలిన ఆ సగం మీ డిస్క్‌కు వంద రెట్లు. నెట్‌లో దొరికే ట్యూనింగ్ సలహాల్లో చాలావరకు ఆ 50 మైక్రోసెకన్లను తగ్గించేవి. మీ 17,500ను అవి తాకవు.

అలాగని సెట్టింగులు వదిలేయమనను. కొన్ని పాత ట్యుటోరియల్స్ వీఎం డిస్క్‌ను ఐడీఈ కంట్రోలర్‌కు తగిలించమంటాయి. మీ వీఎం స్టోరేజ్ సెట్టింగ్స్‌లో అలా ఉంటే మార్చండి. ఐడీఈలో ఒక్క కమాండ్ పంపడానికి వరసగా చాలా రిజిస్టర్లలో రాయాలి, రాసిన ప్రతిసారీ గెస్ట్ ఆగాలి, పైగా ఒకదాని తర్వాత ఒకటే వెళ్లాలి. సాటా ఏహెచ్‌సీఐలో కమాండ్ అంతా మెమరీలో రాసిపెట్టి ఒక్క రిజిస్టర్ తడితే చాలు, 32 రిక్వెస్టులు ఒకేసారి వరసలో నిలబెట్టొచ్చు. వర్ట్‌ఐఓ ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. అది లేని హార్డ్‌వేర్‌ను నటించే పద్ధతినే వదిలేసింది. తాను వీఎంలో ఉన్నానని గెస్ట్‌కు తెలుసు, ఇద్దరికీ కనిపించే ఒక మెమరీ వలయంలో రిక్వెస్టులు పేర్చి, అన్నిటికీ కలిపి ఒక్కసారి తలుపు తడుతుంది. రస్టీ రసెల్ 2008లో దీని మీద పేపర్ రాశారు, ఇప్పుడు లినక్స్ కెర్నెల్‌లో డ్రైవర్లు ముందే ఉంటాయి. వర్చువల్‌బాక్స్ 6.1 నుంచి వర్ట్‌ఐఓ స్కజీ కంట్రోలర్ ఇస్తోంది. ఉబుంటు డిస్కులను యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్యతో గుర్తుపడుతుంది కాబట్టి కంట్రోలర్ మార్చినా మామూలుగా బూట్ అవుతుంది. విండోస్ గెస్ట్ అయితే మాత్రం డ్రైవర్ ముందు వేయకుండా మారిస్తే బ్లూ స్క్రీన్ వస్తుంది, జాగ్రత్త.

దీనికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది. వీఎం విండో కింది పట్టీలో కుడివైపు చిన్న ఐకాన్లు ఉంటాయి. అక్కడ ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే, విండోస్‌లో హైపర్-వీ (మైక్రోసాఫ్ట్ సొంత హైపర్‌వైజర్) ఆన్‌లో ఉందని, వర్చువల్‌బాక్స్‌కు ప్రాసెసర్ నేరుగా దొరకక హైపర్-వీ చాటున నడుస్తోందని అర్థం. అప్పుడు ప్రతి వీఎం ఎగ్జిట్ ఖరీదవుతుంది, డిస్క్, నెట్‌వర్క్, స్క్రీన్ అన్నీ కుంటుతాయి. విండోస్ 11లో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉన్నా ఇలాగే జరుగుతుంది, డబ్ల్యూఎస్‌ఎల్2 (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం) లేదా డాకర్ డెస్క్‌టాప్ వేసుకున్నా ఇంతే. వాటిని ఆపితే తాబేలు పోతుంది. కానీ మెమరీ ఇంటెగ్రిటీ ఒక భద్రతా కవచం, తీసేస్తే ఆ రక్షణ పోతుంది. హైపర్-వీ ఆపితే డబ్ల్యూఎస్‌ఎల్2 నడవదు. కాబట్టి రెంటిలో ఒకటి ఎంచుకోవాలి.

నన్నడిగితే మీ అవసరానికి డబ్ల్యూఎస్‌ఎల్2 ఎంచుకోమంటాను. 2020 మేలో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 2004 నుంచి అది ఉంది. అదీ తేలికపాటి వీఎమ్మే, ఈఎక్స్‌టీ4 ఉన్న ఒక వీహెచ్‌డీఎక్స్ (వీడీఐ లాంటిదే) ఫైల్ దాని డిస్క్. మెమరీ ముందే పెద్ద ముద్దగా తీసేసుకోదు, వాడిన కొద్దీ తీసుకుంటుంది. దానికీ ఒక పై హద్దు పెట్టుకోవచ్చు. ఒకే ఒక్క నియమం పాటించాలి: ప్రాజెక్టు ఫైళ్లు లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే ఉండాలి. విండోస్ సి డ్రైవ్‌లో పెట్టుకుని, ఎంఎన్‌టీ ఫోల్డర్ దారిలో లోపలినుంచి వాడితే ప్రతి ఫైల్ ఆపరేషన్ 9పీ అనే ప్రోటోకాల్ మీదుగా విండోస్‌కు వెళ్లి రావాలి. అప్పుడు దాని వేగమంతా బూడిదలో పోసిన పన్నీరే.

వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్ల కథా అదే. ఇది చాలామంది ఊహించనంత పెద్ద కారణం, అందుకే ఒక ఉదాహరణ చెబుతాను. మాదాపూర్‌లో నాకు తెలిసిన ఒక టీమ్‌లో ఒకరు కోడ్ విండోస్ ఫోల్డర్‌లో పెట్టి, దాన్ని వీఎంలోకి షేర్ చేసుకుని పనిచేసేవారు. మంచి ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్. అయినా గిట్ (కోడ్ మార్పులను గుర్తుంచుకునే టూల్) స్టేటస్ కొడితే కర్సర్ అలా మెరుస్తూ ఉండిపోయేది. డిస్క్ చూస్తే ఖాళీ, ప్రాసెసర్ చూస్తే ఒక కోర్ మాత్రం బిజీ. గిట్ ప్రతి ఫైల్ గురించీ మారిందా లేదా అని అడుగుతుంది. మామూలు డిస్క్ అయితే ఆ జవాబు గెస్ట్ మెమరీలోనే దొరుకుతుంది. షేర్డ్ ఫోల్డర్‌లో ప్రతి ప్రశ్నా హోస్ట్‌కు వెళ్లి రావాలి. కోడ్‌ను వీఎం సొంత డిస్క్‌లోకి మార్చి, ఎడిటర్‌ను వీఎస్ కోడ్ రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్‌తో కలిపాక గిట్ స్టేటస్ ఎంటర్ నొక్కిన వెంటనే వచ్చింది. వేరే ఏ సెట్టింగూ ముట్టుకోలేదు. మీ నోడ్ ప్రాజెక్టు షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటే ఈ రోజే లోపలికి మార్చండి.

వీడీఐ డైనమిక్‌గా (అవసరాన్నిబట్టి పెరిగేలా) ఉండాలా, ఫిక్స్‌డ్‌గా (మొత్తం చోటు ముందే తీసుకునేలా) ఉండాలా అని కూడా అడిగారు. దీని మీద క్లాసుల్లో జరిగినంత వాదన అవసరం లేదు. డైనమిక్ వీడీఐ 1 ఎంబీ ముక్కలుగా పెరుగుతుంది. పెరిగే క్షణంలో పట్టిక మార్చాలి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో కొత్త చోటు వెతకాలి, ఆ రైట్ నెమ్మదిస్తుంది. ఒకసారి నిండిన చోట మళ్లీ రాస్తే తేడా దాదాపు ఉండదు. ఎస్‌ఎస్‌డీ మీద నేనైతే డైనమిక్‌తోనే ఉంటాను. హార్డ్ డిస్క్ మీద మాత్రం డైనమిక్ ఫైల్ పెరిగినకొద్దీ డిస్క్ అంతటా చెల్లాచెదురవుతుంది, కాబట్టి ఫిక్స్‌డ్ మేలు. వీడీఐ ఉన్న ఫోల్డర్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ కంప్రెషన్ పెట్టకండి. ఆ ఫోల్డర్‌ను విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ స్కాన్ నుంచి మినహాయించొచ్చు. ఆ ఒక్క ఫోల్డర్‌నే సుమా, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను కాదు.

స్నాప్‌షాట్‌లు (వీఎం ఒకప్పటి స్థితిని దాచుకున్న నకళ్లు) ఎన్ని ఉన్నాయో చూసుకోండి. ప్రతి స్నాప్‌షాట్ ఒక కొత్త తేడా ఫైల్. చదవాల్సిన బ్లాక్ పై ఫైల్‌లో లేకపోతే దాని కింద, అక్కడా లేకపోతే ఇంకా కింద వెతకాలి. ప్రతి ల్యాబ్‌కు ముందు ఒకటి తీసి, ఏదీ తీసేయకుండా నెలలు గడిపితే వీఎం బరువెక్కుతుంది, డిస్క్ కూడా నిండుతుంది. అక్కర్లేనివి ఒక్కొక్కటే డిలీట్ చేయండి. డిలీట్ అంటే రెండు ఫైళ్లను కలపడం, హార్డ్ డిస్క్ మీద దానికి టైమ్ పడుతుంది, మధ్యలో ఆపకండి.

ఇప్పుడు నాకు చాలా ముఖ్యమనిపించే విషయం, రైట్ల నిజాయితీ. డేటాబేస్ కమిట్ చేసినప్పుడు (ఒక మార్పును ఖాయం చేసినప్పుడు) ఎఫ్‌సింక్ అనే ఆదేశాన్ని పిలుస్తుంది: ఇది నిజంగా డిస్క్ మీదికి చేరాకే జవాబు చెప్పు అని. గెస్ట్ ఆ మాటను ఫ్లష్ కమాండ్‌గా వర్చువల్ డిస్క్‌కు చెబుతుంది. వర్చువల్‌బాక్స్ వేగం కోసం గెస్ట్ ఫ్లష్ కమాండ్లను మామూలుగా పట్టించుకోదని దాని మాన్యువల్‌లోనే ఉంది. కావాలంటే సెట్టింగ్ మార్చి పట్టించుకునేలా చేయొచ్చు. దానికి తోడు కంట్రోలర్ సెట్టింగ్స్‌లో యూజ్ హోస్ట్ ఐ/ఓ క్యాష్ అనే టిక్ ఉంటుంది. అది పెడితే గెస్ట్ రైట్లు విండోస్ మెమరీలో ఆగి, తర్వాత తీరిగ్గా డిస్క్‌కు వెళ్తాయి. వేగం కనిపిస్తుంది, కానీ ఆ మధ్యలో కరెంట్ పోతే గెస్ట్ రాశాననుకున్నది డిస్క్ మీద ఉండదు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి మీకు ముప్పు తక్కువ. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారానికి కరెంట్ పోయే ఇంట్లో, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఆ టిక్ పెట్టి డేటాబేస్ నడపమని నేను ఎవరికీ చెప్పను. మీ 8 జీబీ మెషీన్‌లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది: ఒకే డేటా గెస్ట్ క్యాష్‌లోనూ, హోస్ట్ క్యాష్‌లోనూ రెండుసార్లు కూర్చుంటుంది.

ఎవరు నిజం చెబుతున్నారో పట్టుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. 5400 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది, 7200 అయితే 120. ఒకే కనెక్షన్ మీద వరసగా చిన్న కమిట్లు చేస్తూ పోతే, ప్రతిదీ నిజంగా ప్లేటు మీద పడాల్సి వస్తే సెకనుకు ఆ చుట్ల సంఖ్యను మించడం కష్టం. అలాంటి డిస్క్ మీది వీఎంలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సెకనుకు 2,000 కమిట్లు చూపిస్తే సంతోషించకండి. దారిలో ఎవరో రాయకుండానే రాశానంటున్నారు. కేవీఎం (లినక్స్ సొంత హైపర్‌వైజర్) వాడేవాళ్లకు ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ క్యాష్ మోడ్ మీరే ఎంచుకుంటారు. నన్ అంటే హోస్ట్ పేజ్ క్యాష్‌ను దాటేసి, ఫ్లష్‌లను గౌరవించేది. సర్వర్ల మీద నేను వాడేది అదే. అన్‌సేఫ్ అంటే ఫ్లష్‌లను పారేసేది. రాత్రి టెస్టులు నడిపి పొద్దున తీసిపారేసే వీఎంలకు అన్‌సేఫ్ బాగానే ఉంటుంది, జీతాల డేటా ఉన్న వీఎంకు కాదు.

వేగం కొలవాలంటే డీడీ కమాండ్‌తో సున్నాలు రాసి చూడకండి, అది క్యాష్‌ను కొలుస్తుంది, డిస్క్‌ను కాదు. ఎఫ్‌ఐఓ వాడండి. లినక్స్ బ్లాక్ లేయర్ చూసుకునే యెన్స్ ఆక్స్‌బో రాసిన టూల్ అది. డైరెక్ట్ ఆప్షన్ ఆన్ చేసి, 4 కేబీ సైజుతో ర్యాండమ్ రీడ్, క్యూ డెప్త్ 1 (ఒకసారికి ఒకే రిక్వెస్ట్) పెట్టి, టెస్ట్ ఫైల్ సైజు గెస్ట్ ర్యామ్ కన్నా పెద్దదిగా ఇచ్చి ఒక నిమిషం నడపండి. ఫలితంలో సగటు లేటెన్సీని (ఒక్క రిక్వెస్ట్‌కు పట్టిన సమయం), 99 శాతం దగ్గరి లేటెన్సీని చూడండి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో ర్యాండమ్ 4కే, క్యూ 1 వరసను చూడండి. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే మీ వీఎంకు ఏ లోపమూ లేదు, డిస్కే అంత. గెస్ట్‌లో చాలా దారుణంగా ఉంటేనే కంట్రోలర్, తాబేలు, స్నాప్‌షాట్‌ల వైపు వెళ్లండి. వీఎంలో అంకె హోస్ట్ కన్నా బాగుంటే క్యాష్ మాయ అని తెలుసుకోండి.

డబ్బు పెట్టగలిగితే ముందు ఎస్‌ఎస్‌డీ, తర్వాత ర్యామ్. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా ఒక్క ర్యాండమ్ రీడ్‌ను ఒకటి రెండు వందల మైక్రోసెకన్లలో ముగిస్తుంది, మీ 17,500తో పోల్చుకోండి. సీటీసీకి వెళ్లే ముందు మీ ల్యాప్‌టాప్ మోడల్ మాన్యువల్‌లో ఎం.2 స్లాట్ ఉందో లేదో, ఉంటే అది సాటాదా ఎన్‌వీఎంఈదా చూసుకోండి. స్లాట్ లేకపోతే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పాత డిస్క్ చోట కూర్చుంటుంది. మరీ చౌక క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాచే) డ్రైవ్‌లు మొదట వేగంగా రాసి, లోపలి క్యాష్ నిండగానే హార్డ్ డిస్క్ స్థాయికి పడిపోతాయి. రెండు మూడు వందలు ఎక్కువైనా టీఎల్‌సీ (సెల్‌కు మూడు బిట్లు) అని రాసి ఉన్నది తీసుకోండి. ఏసీ లేని హాస్టల్ గదిలో, మే నెలలో, పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టి పనిచేస్తే ఎన్‌వీఎంఈ డ్రైవ్ వేడెక్కి తనను తానే నెమ్మది చేసుకుంటుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం స్లో అయితే ఉష్ణోగ్రత చూడండి.

ఇంకో దారి, క్లౌడ్ వీఎం, అంటే అమెజాన్ లాంటి కంపెనీల సర్వర్లలో అద్దెకు తీసుకునేది. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ కూడా తెరిచింది. అక్కడా డిస్క్‌కు హద్దులున్నాయని గుర్తుంచుకోండి. అమెజాన్ జీపీ3 రకం డిస్క్‌కు సైజుతో సంబంధం లేకుండా సెకనుకు 3,000 రిక్వెస్టులు ఇస్తారు. పాత జీపీ2లో జీబీకి 3 చొప్పున, కనీసం 100. 30 జీబీ జీపీ2 డిస్క్ మొదట 3,000 దాకా ఎగిరి, అదనపు వేగానికిచ్చే క్రెడిట్లు అయిపోయాక 100కు దిగుతుంది. అరగంట బాగా నడిచి తర్వాత ఒక్కసారిగా కూలబడే జెంకిన్స్ సర్వర్ కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

మీది సెకండ్ హ్యాండ్ డిస్క్ కాబట్టి వీటన్నిటితో పాటు ఒక పరీక్ష తప్పకుండా చేయండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు, చూడండి. 05 నంబర్ రీఅలొకేటెడ్ సెక్టార్లు, సీ5 నంబర్ కరెంట్ పెండింగ్ సెక్టార్లు, ఈ రెండింటి రా వాల్యూ సున్నా ఉండాలి. పాడవుతున్న సెక్టార్ దగ్గర డిస్క్ మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తూ సెకన్ల తరబడి ఆగిపోతుంది, టాస్క్ మేనేజర్‌లో అదీ 100 శాతం యాక్టివ్ టైమ్‌గానే కనిపిస్తుంది. డిస్క్ మోడల్ నంబర్ కూడా వెతకండి. 1 టీబీ ల్యాప్‌టాప్ డిస్కుల్లో చాలావాటిలో ఎస్‌ఎంఆర్ పద్ధతి ఉంటుంది, అంటే ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక చోట మార్చాలంటే పక్క ట్రాకులూ తిరగరాయాలి. కాసేపు బాగా రాసి, తర్వాత రైట్లు పూర్తిగా కూలిపోవడం దాని లక్షణం, వీఎంలకు అది అస్సలు నప్పదు. సీ5 దగ్గర సున్నా కాక ఇంకేం కనిపించినా సెట్టింగులన్నీ పక్కన పెట్టి, వీఎం షట్‌డౌన్ చేసి, దాని ఫోల్డర్ మొత్తాన్ని, మీ సర్టిఫికెట్ల స్కాన్‌లతో సహా, ఈ రాత్రికే వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.